ఈల మోగిన తర్వాత అరవై నాలుగో నంబరు

మెర్విన్, ఒహాయో
సెప్టెంబర్ 17, 1978

నువ్వు పిల్లల కాళ్లు విరగ్గొట్టడం నేర్పుతున్నావు.

'ప్రియమైన తమ్ముడూ' అని మొదలుపెడదామనే కూర్చున్నాను, వెండెల్. చెయ్యి రాలేదు. శుక్రవారం మా మెర్విన్ జట్టు మీద మీ హార్కర్ రిడ్జ్ బడి పిల్లలు ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆట నేను చూశాను. మెడకి నీ జట్టు పచ్చ మఫ్లర్ చుట్టుకుని, మా వాళ్లు తినేసేలా చూస్తున్నా లెక్క చెయ్యకుండా, డొలోరెస్ కోసిక్ పక్కన కూర్చుని చూశాను. డొలోరెస్ నీకు తెలుసు. మా యూనియన్ వారపత్రికకి నేను తిట్లు రాస్తే వాటిని టైపు చేసేది ఆవిడే. ఆవిడ కొడుకు రేమండ్, ఎదుటివాళ్లని తోసి ఆపే ముందు వరసలో, మా లైనులో, అరవై నాలుగో నంబరు. ఆట సగం దాటాక నీ యాభై రెండో నంబరు కుర్రాడు వాడి ఎడమ మోకాలి మీదకి భుజం విసిరాడు. దాన్ని మీరంతా ముద్దుగా 'కోత' అంటారు. ఏం, గోధుమ చేనా అది?

రేమండ్ పదకొండు నిమిషాలు నేల మీదే ఉన్నాడు. నేను గడియారం చూశాను. ఆ పదకొండు నిమిషాలూ నువ్వు నీ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పలక మీద గీతలు గీస్తున్నావు. మైదానం నీకు ముప్ఫై అడుగుల దూరంలో ఉంది.

రాష్ట్ర కోచ్‌ల సంఘంలో నియమాల కమిటీ అని ఏడుగురు మగాళ్లున్నారు. కోతని నిషేధించాలన్న తీర్మానం రెండేళ్లుగా వాళ్ల బల్ల మీద గుర్రుపెట్టి నిద్రపోతోంది. జనవరిలో ఓటు. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు, నడుమ నా తమ్ముడు. సంప్రదాయం, మగతనం, క్రమశిక్షణ లాంటి పెద్ద మాటలు నాకు వద్దు. వాటిని నేను మిల్లు యజమానుల నోటినుంచి ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను. ఒక్కటి చెప్పు. నీ చెయ్యి ఎటు లేస్తుంది?

లొరేన్ పంపిన ప్లమ్ జామ్ అందింది. ఇంత కోపంలోనూ సగం సీసా ఖాళీ చేశాను. మరదలికి ఆ మాట చెప్పు.

మండిపడుతూ,
నీ అక్క ఆల్మా


హార్కర్ రిడ్జ్
సెప్టెంబర్ 21, 1978

ప్రియమైన అక్కా,

చూశావా, నా చెయ్యి వచ్చింది.

నీ ఉత్తరం లొరేన్ గట్టిగా చదివింది. నేను గుడ్డు తింటున్నాను. 'కాళ్లు విరగ్గొట్టడం' దగ్గర ఆగి, "తినండి తినండి, ఇంకా రెండు పేజీలున్నాయి" అంది. మీ ఇద్దరూ ఒకటే.

రేమండ్‌కి ఎలా ఉంది? ఆసుపత్రికి ఒక కార్డు పంపాను, మా పిల్లలందరూ సంతకాలు పెట్టారు. ఆ పదకొండు నిమిషాల సంగతి: మా జట్టుని దగ్గరకి చేర్చుకుంది వాళ్లు అటు చూసి బెదిరిపోకూడదని. నన్ను రాయిలా చూడకు.

ఇక కోత. ఆదివారం పొద్దున నేనూ నా ఇద్దరు సహాయకులూ ఆ ఆట రీలు వేసి, ఆ ఒక్క ముక్కని నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పాం. గ్యారీ లుంట్, అంటే నువ్వు చెప్పిన యాభై రెండు, ఎదురుగా వెళ్లాడు. పక్కనుంచి కాదు, వెనకనుంచి కాదు. నియమం ఎలా చెబుతుందో అలా. రేమండ్ కుడి మోకాలి మీద నిలిచి లేవబోతున్నాడు కూడా. అంతలో కెమెరా బంతి వెంట వెళ్లిపోయింది. తర్వాత ఆ కుప్పలో ఎవరో వాడి కాలి మీద పడి ఉంటారు. నా కళ్లతో చూసింది చెబుతున్నాను. నువ్వు ఆట తెలియనిదానివి కాదు గానీ ఆ క్షణంలో నువ్వు బంతిని చూసి ఉండవు.

ఇంకో మాట. మా బడిలో పై తరగతుల మగపిల్లలు మొత్తం తొంభై ఒక్కరు. మీ బడిలో ఎనిమిది వందలు. గ్యారీ బరువు నూట నలభై ఏడు పౌండ్లు, అది కూడా తడి బూట్లతో. మీ రేమండ్ రెండొందల పదిహేను. గ్యారీ నిటారుగా నిలబడి వాణ్ణి తొయ్యాలా? నువ్వు జీవితమంతా చిన్నవాడి పక్షం అని రాశావు కదా. ఇదిగో, ఇదే చిన్నవాడి ఆయుధం. పెద్దవాణ్ణి పడగొట్టాలంటే కిందనుంచే. నిషేధించమని అడుగుతున్నవాళ్లంతా పెద్ద బడులవాళ్లే. ఎందుకో ఆలోచించు.

గ్యారీ మంచివాడు. ఆ ఆటలో హెల్మెట్ మీదకి నాలుగు సుత్తులు గెలిచాడు. లైనులో అందరికన్నా ఎక్కువ.

థాంక్స్‌గివింగ్ పండక్కి నీ గది ఎప్పటిలాగే సిద్ధం. ఉతికిన దుప్పట్లు, పాత హీటరు, తిట్టడానికి తమ్ముడు.

నీ తిట్లకి అలవాటు పడ్డ
వెండెల్


మెర్విన్
సెప్టెంబర్ 26, 1978

వెండెల్,

నేను బంతిని చూడలేదు. నిజమే. డొలోరెస్ కూడా చూడలేదు. ఆ గ్యాలరీలో కూర్చున్న తల్లులెవ్వరూ బంతిని చూడరు, నాయనా. ఒక్కొక్కరూ ఒక్కో నంబరుని చూస్తారు. డొలోరెస్ మూడేళ్లుగా అరవై నాలుగుని తప్ప ఇంకొకటి చూడలేదు. ఆట ఎవరు గెలిచారో ఇంటికెళ్లే దారిలో నన్నడుగుతుంది. వాడు మోకాలి మీద నిలిచి లేవబోయాడు, అంతవరకు నీ రీలు నిజమే. లేవబోయినప్పుడు ఎడమ కాలు మోకాలి కింద పక్కకి తిరిగింది. మీద ఎవరూ పడలేదు. ఎవరూ దగ్గర్లో లేరు. నీ కెమెరా వెళ్లిపోయింది, మేము అక్కడే ఉన్నాం.

ఆట తర్వాతి సోమవారమే ఆపరేషన్ అయింది. లోపల తెగినవి మూడని డాక్టర్ చెప్పాడు. నడుస్తాడు. నిచ్చెన ఎక్కడం గురించి అడిగితే ఆయన కిటికీలోంచి చూశాడు. వచ్చే జూన్‌లో రేమండ్ ఇనుప దూలాలు బిగించే పనిలో శిష్యరికానికి చేరాలి. వాళ్ల నాన్న చేసిన పని. మిల్లులు మూతబడుతున్న ఈ లోయలో మిగిలింది అదొక్కటే. ఆ పనంతా నిచ్చెనల మీదే.

ఇప్పుడు సుత్తులు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఎదుటివాణ్ణి నేల కూల్చినందుకు హెల్మెట్ మీద ఒక సుత్తి బొమ్మ అంటిస్తావు. ఆదివారం రీలు చూసి లెక్కపెడతావు, సోమవారం పంచుతావు. అంటే రేమండ్‌ని మత్తులోకి పంపి కాలు కోస్తున్న పొద్దున్నే, ఆ కాలికే నువ్వొక బహుమతి ఇచ్చావు. గ్యారీ తప్పు లేదు. వాడికి పదహారేళ్లు. నీకు నలభై ఏడు.

చిన్నవాడి ఆయుధమా? రేమండ్ చిన్నవాడు కాడా? రెండొందల పదిహేను పౌండ్లుంటే పెద్దవాడైపోతాడా? వాళ్ల నాన్న పోయి ఆరేళ్లు. మీ తొంభై ఒక్కమందిని మా ఎనిమిది వందల మంది మీదకి తోలింది ఎవరు? ఎవరు ఎవరితో ఆడాలో పట్టికలు రాసినవాళ్లు ఒక్కసారైనా మోకాలు అడ్డంపెట్టారా? ఇద్దరు పేదవాళ్లని ఎదురెదురుగా నిలబెట్టి ఒకడి చేతికి కత్తి ఇవ్వడం న్యాయం అని నాకు చెప్పకు.

ఈ వారం నా కాలమ్ జతచేశాను. నీ పేరు రాయలేదు.

ఆల్మా


హార్కర్ రిడ్జ్
అక్టోబర్ 5, 1978

అక్కా,

నా పేరు రాయలేదు. 'చిన్నప్పుడు బూట్ల తాళ్లు కట్టడం నేను నేర్పితే, పెద్దయ్యాక పిల్లల కాళ్లు కొట్టడం నేర్పుతున్న ఒక కోచ్' అని రాశావు. ఈ రాష్ట్రంలో కోచ్‌లు వందలమంది ఉండొచ్చు. యూనియన్ పత్రికలో తిట్లు రాసే అక్క ఉన్న కోచ్ ఒక్కడే.

టిఫిన్ హోటల్లో క్వారీ పనివాళ్లు ఆ పేజీ చింపి కాఫీ మిషన్‌కి అంటించారు. "వెండెల్, కాఫీ కావాలంటే ముందు బూట్ల తాళ్లు చూపించు" అని ఒకడు. ఇంకొకడు వంగి నా కాళ్లకేసి చూసి, "ముడి బాగానే పడింది, గురువు మంచిదే" అన్నాడు. నవ్వాను. నాకది పెద్ద విషయం కాదు.

గ్యారీది పెద్ద విషయం. వాడూ చదివాడు. నువ్వు వాడి పేరూ రాయలేదు, కానీ ఆ ఆటలో ఆ కోత ఎవరిదో వాడికి తెలియదా? ఇంటికెళ్లి, కూరగాయలు తరిగే కత్తితో హెల్మెట్ మీదున్న సుత్తులన్నీ గీకేశాడు. పోయిన ఏడాదివి కూడా. రెండు రోజులు సాధనకి రాలేదు. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, "కోచ్, మావాడు అన్నం తినడం లేదు, మీ అక్క ఎవరో ఆవిడ వచ్చి తినిపిస్తుందా?" అంది. ఆ ప్రశ్నకి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

నువ్వు నన్ను కొట్టావనుకున్నావు. దెబ్బ నూట నలభై ఏడు పౌండ్లవాడికి తగిలింది.

థాంక్స్‌గివింగ్ సంగతి లొరేన్, "ఈసారికి వాళ్లు వాళ్లింట్లో, మనం మనింట్లో" అంటోంది.

వెండెల్


మెర్విన్
అక్టోబర్ 12, 1978

ప్రియమైన తమ్ముడూ,

ఈసారి చెయ్యి వచ్చింది. సిగ్గుతో వచ్చింది.

నీకు క్షమాపణ చెప్పను. నువ్వు దానికి అర్హుడివి కాదు. గ్యారీకి విడిగా ఒక ఉత్తరం పెట్టాను, ఈ కవరులోనే ఉంది. నువ్వు చదవకుండా ఇవ్వు. వాళ్లమ్మకి ఇంకొకటి. అన్యాయం గురించి రాసేవాళ్లకి ఒక జబ్బుంటుంది, వెండెల్. గురి పైన పెడతాం, చూసుకోకుండా కింద నిలబడ్డవాణ్ణి తొక్కేస్తాం. డొలోరెస్ ఆ కాలమ్ టైపు చేస్తూ, "ఆ పిల్లాడికి కూడా తల్లి ఉంటుందేమో" అంది. నేను వినిపించుకోలేదు. అచ్చుకి ఆలస్యమవుతోందన్నాను.

నీ మాటల్లో ఒకదానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కోత తీసేస్తే గ్యారీ లాంటివాళ్ల గతి ఏమిటి? వాళ్లని పెద్ద బడులు పిండి చేస్తాయి. నిజం. దాని గురించి ఆలోచిస్తున్నాను. కాలమ్‌లో రాయకుండా ఆలోచించడం నాకు కొత్త.

ఒక్క సహాయం చెయ్యి. డొలోరెస్ ఆ రీలు చూడాలంటోంది. వద్దన్నాను, వినదు. "పడ్డాక వాణ్ణి నేను ఆ దూరంనుంచే చూశాను, దగ్గరనుంచి చూడాలి" అంటోంది. పంపగలవా? చర్చి హాల్లో ప్రొజెక్టర్ ఉంది.

థాంక్స్‌గివింగ్‌కి నేనొక్కదాన్నే చికెన్ కాల్చుకుంటాను. లొరేన్‌ది సరైన మాటే. జామ్ సీసా కడిగి పంపుతున్నాను, ఖాళీగా.

నీ అక్క


హార్కర్ రిడ్జ్
నవంబర్ 9, 1978

ప్రియమైన అక్కా,

ఆలస్యానికి కారణం ఉంది. కూర్చుని చదువు.

రీలు పంపడానికి పెట్టెలోంచి తీశాను. డొలోరెస్ గారు చూడబోయేదేమిటో ముందు నేను ఒకసారి చూద్దామని వేశాను. ఆవిడ లాగా చూద్దామనుకున్నాను, అరవై నాలుగుని మాత్రమే. అక్కా, అందులో ఏమీ లేదు. మా కెమెరా పట్టేది పోస్ట్‌మాస్టర్ ఎమెట్, గ్యాలరీ కప్పు మీద నిలబడి. రీలు చిన్నది, ఆట మొత్తం పట్టాలి. అందుకని రిఫరీ ఈల వెయ్యగానే బటన్ మీద వేలు తీసేస్తాడు, మళ్లీ బంతి కదిలేటప్పుడే నొక్కుతాడు. రాష్ట్రంలో ప్రతి కోచ్ రీలూ ఇంతే. నీ పదకొండు నిమిషాలు మా రీలులో లేవు. రేమండ్ మోకాలి మీద ఉన్నాడు, కెమెరా బంతి వెంట పోయింది, తెర మిణుకుమంది, ఈల తర్వాతి విడత ఆట మొదలు. అక్కడ, అదే చోట, రేమండ్ బదులు డెబ్భై ఒకటో నంబరు నిలబడి ఉన్నాడు.

ఆ ఆదివారం నాలుగుసార్లు చూసినా ఆ డెబ్భై ఒకటి నాకు కనబడలేదు. నేను బంతిని చూస్తున్నాను.

మా నేలమాళిగలో పదకొండేళ్ల రీళ్లున్నాయి. వంద పైచిలుకు ఆటలు. మూడు వారాలుగా సాధన అయ్యాక దిగి వాటిని వేస్తున్నాను. కోత పడ్డచోట ఆపి, ఎదుటివాడి నంబరు రాసుకుని, తర్వాతి విడతలో ఆ నంబరు కోసం వెతుకుతాను. దాని తర్వాతి విడతలో. ఆ తర్వాత. ఆట ఆఖరిదాకా. చాలాసార్లు కనబడతాడు. కొన్నిసార్లు కనబడడు.

ఇరవై మూడు నంబర్లు తిరిగి రాలేదు.

ఇంకొకటి నేను వెతకనిది. కోత వేస్తూ తల కింద పెట్టినవాళ్లలో మావాళ్లు ఆరుగురు తిరిగి రాలేదు. వాళ్లని నేనే లేపి బయటకి నడిపించి ఉంటాను కదా. ముగ్గురి మొహాలే గుర్తొచ్చాయి.

ఆ ఇరవై మూడు గురించి ఎదుటి బడుల కోచ్‌లకి ఉత్తరాలు రాశాను. తొమ్మిది జవాబులొచ్చాయి. నలుగురు బాగానే ఉన్నారు, కోలుకుని మళ్లీ ఆడారు. ఒక కోచ్ 'పేరు గుర్తులేదు, నంబరు గుర్తుంది' అని రాశాడు. మిగతావి నీకు రాయను, నువ్వు అచ్చువేస్తావు.

లొరేన్ ఒకరోజు మెట్ల మీద నిలబడి, "ఏం చూస్తున్నారు ఇన్ని రోజులూ?" అంది. చూపించాను. ఓ అరగంట నాతో కూర్చుంది. లేచి, "మీ అక్కకి రాయండి, థాంక్స్‌గివింగ్‌కి వాళ్ల డొలోరెస్‌నీ ఆ పిల్లాణ్ణీ కూడా తీసుకురమ్మనండి. అక్రోట్ పప్పు పెట్టి చుట్టిన రొట్టెలు రెండెక్కువ చేస్తాను" అంది. తర్వాత, "ఆవిడ కాలమ్ మాత్రం నాకింకా నచ్చలేదు" అని కూడా అంది. ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఓటు సంగతి అడక్కు. కోత లేకుండా ఆ పిల్లల్ని ఎలా నిలబెట్టాలో నాకు తెలియదు.

వెండెల్


మెర్విన్
నవంబర్ 27, 1978

ప్రియమైన వెండెల్, లొరేన్,

ఇల్లు చేరాం. డొలోరెస్ దారి పొడుగునా మీ వంటిల్లే పొగిడింది. ఆ క్యాబేజీ నూడుల్స్ గిన్నె ఆవిడ ఒళ్లోనే ప్రయాణం చేసింది.

వెండెల్, ఒకటి రాయాలి. నేను గ్యారేజీ తలుపు దగ్గర ఉన్నానని నీకు తెలుసు. నువ్వు కిటికీ దగ్గర ఉన్నావని నాకూ తెలుసు. ఇద్దరం బల్ల దగ్గర ఏమీ ఎరగనట్టు టర్కీ తిన్నాం. అమ్మ మనకి నేర్పిన మర్యాద ఇదే. పాడు మర్యాద.

గ్యారీ వాళ్లమ్మ గుమ్మడి గుజ్జు పెట్టి కాల్చిన తీపి రొట్టె, 'పై', పట్టుకుని వచ్చాడు కదా. ఆ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక గ్యారేజీలో నిలబడిపోయాడు. రేమండ్ చంకకర్రలు గోడకి ఆనించి పీపా మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వేనా యాభై రెండు?"

"ఊఁ."

"ఎంతుంటావు?"

"నూట నలభై ఏడు."

"నన్ను పడేసింది నూట నలభై ఏడా? మా బడిలో ఈ మాట ఎవ్వరికీ చెప్పకు. రెండొందలని చెప్పాను."

గ్యారీ నవ్వలేదు. "కోచ్ తల వంచి మోకాలికే గురిపెట్టమన్నాడు. వంచాను. కళ్లు మూసుకున్నాను కూడా. నాకు భయం."

"నాకూ భయమే. నువ్వు కిందకి వస్తావని తెలుసు. మీవాళ్లంతా కిందకే వస్తారుగా. ఆ వారమంతా మా అమ్మకి చెప్పకుండా మోకాళ్లకి పట్టీలు కట్టుకున్నాను."

"పై తింటావా?"

"చెంచా ఉందా?"

"లేదు."

ఇద్దరూ చేతుల్తో తిన్నారు. నువ్వు కిటికీ దగ్గరనుంచి ఎప్పుడు వెళ్లిపోయావో నేను చూడలేదు.

నేను నిన్ను ఇంకేమీ అనను. పోయిన ఉత్తరంలో 'ఓటు సంగతి అడక్కు' అన్నావు, బల్ల దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. నీ చెయ్యి ఎటు లేస్తుందో నాకు అర్థమైంది. బాధ పడ్డాను, కానీ నీ ఇంటికి రావడం మానను. ఈ వయసులో నాకు ఇంకో తమ్ముణ్ణి ఎవరిస్తారు?

రేమండ్ మోకాలు ఇప్పటికి నలభై డిగ్రీలు వంగుతోంది. తొంభై కావాలంటున్నారు.

ఆల్మా


హార్కర్ రిడ్జ్
జనవరి 14, 1979

ప్రియమైన అక్కా,

నీకు అర్థమైంది తప్పు. నీకు జన్మలో మొదటిసారి ఈ మాట రాస్తున్నాను, కాబట్టి మళ్లీ రాస్తాను: తప్పు.

నిన్న కమిటీకి ప్రొజెక్టర్ మోసుకెళ్లాను. ఇరవై మూడు కోతలూ, ప్రతిదాని తర్వాతి విడతలూ కత్తిరించి ఒకే రీలుగా అతికించాను. చైర్మన్ స్ట్రౌడ్, "ఏమయ్యా వెండెల్, సినిమా హాలు పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను. షరతు ఒక్కటే. బంతిని చూడకూడదు."

నంబరు నేను బోర్డు మీద రాస్తాను, వాళ్లు ఆ నంబరునే చూడాలి. మొదటిదానికి నవ్వారు. నాలుగోదానికి ఒకడు, "నీళ్లు తాగడానికి వెళ్లి ఉంటాడులే" అన్నాడు.

"ఆట అయ్యేదాకా తాగుతూనే ఉన్నాడా?" అన్నాను.

తొమ్మిదోదానికి స్ట్రౌడ్ "ఇక చాలు, అర్థమైంది" అన్నాడు. ఇంకా పద్నాలుగున్నాయన్నాను. అన్నీ వేశాను. ఆఖరిది అరవై నాలుగు.

ఓడిపోయాం, అక్కా. నాలుగు మూడు. నా చెయ్యి లేచింది, నిషేధం వైపే లేచింది. కానీ రెండేళ్లుగా నిషేధం వైపున్న ఓర్విల్ టేట్ చెయ్యి దిగిపోయింది. వాడిది మాకన్నా చిన్న ఊరు. నిరుడు వాళ్లని పెద్ద బడులున్న విభాగంలో పడేశారు. నాకేసి చూసి, "నాకిది ఒక్కటే మిగిలింది, వెండెల్. చిన్నవాడి ఆయుధం" అన్నాడు. ఆ మాట వాడికి చెప్పింది నేనే. తొమ్మిదేళ్ల కిందట, వేసవి శిబిరంలో, పలక మీద బొమ్మ గీసి మరీ. ఇంకో ఎనభై మంది కోచ్‌లు కూడా ఉన్నారు ఆ రోజు. రాసుకున్నారు.

చివరికి బుజ్జగింపుగా ఒకటి చేశారు. లైనుకి దూరంగా, బయటివైపు కోత వెయ్యకూడదు. లైను దగ్గర మామూలే. గ్యారీ, రేమండ్ ఉండేది లైను దగ్గరే.

ఈ ఊళ్లో జట్టుకి అండగా ఉండే క్లబ్‌వాళ్లు పొద్దున్నే వచ్చారు. "మన చేతిలో ఉన్న ఒక్క కర్రని నువ్వే విరిచావా?" అన్నారు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

నాకు ఆట గీయడం తెలుసు. ఇలాంటివి ఎలా పోట్లాడాలో తెలియదు. వాళ్లని మర్యాదగా మళ్లీ అడుగుదామని ఒక వినతిపత్రం మొదలుపెట్టాను, మూడు వాక్యాల దగ్గర ఆగింది. నువ్వయితే ఏం చేస్తావు?

వెండెల్


మెర్విన్
జనవరి 18, 1979

తమ్ముడూ,

ఉత్తరం డొలోరెస్‌కి చదివి వినిపించాను. ఇద్దరం కొంచెం ఏడ్చాం, తర్వాత ఆవిడ టైపు మిషన్ మీద గుడ్డ తీసింది.

వినతిపత్రం చించెయ్. 'దయచేసి', 'పెద్దలు ఆలోచించి', 'ఇబ్బంది లేకపోతే', ఈ మూడూ ఉన్నాయా అందులో? నాకు తెలుసు, ఉంటాయి. అడుక్కునేవాడికి వచ్చే ఏడాది రమ్మంటారు. డిమాండ్లు రాయి. ఒక్కో వాక్యంలో ఒక్కటి. ఎందుకో చెప్పకు, ఎందుకో నువ్వు చూపించేశావు. ఓర్విల్ టేట్‌కి జవాబు అందులో ఉండాలి. వాడు దుర్మార్గుడు కాడు. వాడి పిల్లలకి దారి చూపకుండా వాడి చేతిలో ఉన్నది లాక్కుంటే నేను సెప్టెంబర్‌లో చేసిన తప్పే మళ్లీ చేస్తాం.

నేను రాయగలను. రాయను. నా కేకలు వాళ్లకి అలవాటే, ముప్ఫై ఏళ్లుగా చెవిలో దూది పెట్టుకున్నారు. ఈ మాటలు పదకొండేళ్లు కోత నేర్పినవాడి నోటినుంచే రావాలి. నా కాలమ్ చోటు ఈ వారం నీది. ఎంత పొడుగైనా సరే.

రేమండ్‌ది యాభై ఐదు డిగ్రీలు. జూన్ శిష్యరికం వాళ్లు వాడి చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. నిన్న ఉత్తరం వచ్చింది. వాడే తెరిచి, మడతపెట్టి, తల్లికిచ్చి, గ్యారీకి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అరగంట మాట్లాడుకున్నారు.

లొరేన్‌కి ముద్దులు. నీకు, ఈసారికి, నీక్కూడా.

నీ అక్క


హార్కర్ రిడ్జ్
జనవరి 25, 1979

ప్రియమైన అక్కా,

నిన్న జట్టుని కూర్చోబెట్టి చెప్పాను: వచ్చే ఆగస్టు నుంచి మనం ఎవరి మోకాళ్ల జోలికీ పోము, నియమం ఒప్పుకున్నా సరే. "అయితే ఓడిపోతాం కదా కోచ్" అన్నాడొకడు. చాలా ఆటలు ఓడిపోతామన్నాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. గ్యారీ ఉండి, "నిలబడి తొయ్యడం ఎప్పుడు నేర్పుతారు?" అన్నాడు. సోమవారం నుంచి అన్నాను. నాకే సరిగ్గా రాదు, నేర్చుకోవాలి. క్లబ్‌వాళ్లు కొత్త కోచ్‌ని వెతుకుతున్నారని హోటల్లో వినబడింది. బడి పెద్దలు ఇంకా ఏమీ చెప్పలేదు.

డిమాండ్లు ఈ కింద రాశాను. ఐదోది లొరేన్ చెప్పింది. మిగతావి నావే. తప్పులుంటే దిద్దు, మెత్తబరచకు. పైన నా పేరు పూర్తిగా వెయ్యి.

నీ తమ్ముడు వెండెల్

అచ్చుకి:

రాష్ట్ర కోచ్‌ల సంఘానికి, హార్కర్ రిడ్జ్ కోచ్ వెండెల్ హ్రుస్కా డిమాండ్లు.

1. నడుము కిందకి కొట్టి పడగొట్టడాన్ని మైదానంలో ప్రతిచోటా నిషేధించాలి. లైను దగ్గర మినహాయింపు రద్దు చెయ్యాలి.

2. పిల్లల సంఖ్యలో తనకన్నా రెండింతలు మించిన బడితో ఏ బడినీ ఆడించకూడదు. ఓర్విల్ టేట్ బడితో మొదలుపెట్టి విభాగాలు మళ్లీ రాయాలి.

3. ఎదుటివాణ్ణి నేల కూల్చినందుకు ఏ బహుమతీ, ఏ గుర్తూ ఇవ్వకూడదు.

4. ఎవరైనా కింద పడి ఉంటే ఈల మోగాక కూడా కెమెరా ఆపకూడదు. వాడు లేచేదాకా, లేదా వాణ్ణి మోసుకెళ్లేదాకా వాడి మీదే ఉండాలి.

5. ప్రతి ఆటకీ మైదానం పక్కన డాక్టర్ ఉండాలి. లేకపోతే ఆట మొదలుపెట్టకూడదు.

6. 1967 నుంచి ఆటలో గాయపడి తిరిగి రాని ప్రతి పిల్లవాడి పేరూ ప్రతి బడీ రాసి పంపాలి. నంబరు కాదు, పేరు.

7. రేమండ్ కోసిక్ కాలికి జరగాల్సిన వైద్యమంతా సంఘం చేయించాలి, అది తొంభై డిగ్రీలు వంగేదాకా.

8. మార్చిలో మళ్లీ ఓటు పెట్టాలి. తలుపులు తెరిచి పెట్టాలి. తల్లుల్ని లోపల కూర్చోబెట్టాలి.